బుగ్గెడు నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క అబద్ధమూ ఆడకుండా అందరినీ నమ్మించగల మనిషి ఒక్కతే ఉండేది. ఆమె మా దాదీ, అంటే మా అబ్బాను కన్నతల్లి. ఉపవాసం ఉన్న నోటితో అబద్ధమాడితే ఆ ఉపవాసానికి విలువ ఉండదని దాదీ నమ్మకం. కాబట్టి తను రోజా ఉన్న సంగతి దాచాల్సి వచ్చినప్పుడు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మాటలు ఏరుకుని మాట్లాడేది. అమ్మీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "తిన్నారా?" అని అడిగితే, "బెండకాయ కూర మస్తు కుదిరింది బేటీ, పిల్ల రెండుసార్లు పెట్టించుకున్నది" అనేది. అందులో అబద్ధం ఎక్కడుందో మీరే వెతకండి. పక్కనే కూర్చుని రెండోసారి కూర పెట్టించుకుంటున్న నాకు మాత్రం అసలు సంగతి తెలుసు.

మేమప్పుడు సింగపూర్‌లో, టాంపినీస్‌లో, ఒక పొడవాటి కారిడార్ చివరి ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అబ్బా, అమ్మీ ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి దిగే ప్రతి విమానంలోనూ ఒక ప్రోగ్రామర్ ఉండేవాడని మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళు. ప్రాజెక్టు మొదలైన రోజున అమ్మీ ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు కానీ, ప్రాజెక్టు పూర్తయ్యే వారంలో ఆమె ముఖమే కనిపించేది కాదు. అలాంటి ఇంట్లో నన్ను చూసుకోవడానికి దాదీ సంగారెడ్డి నుంచి వచ్చింది. ఆమెకి తెలుగూ దక్కనీ ఉర్దూ రెండూ సమానంగా వచ్చు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. లిఫ్టులో ఎవరు పలకరించినా గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వేది, అంతే.

మా పక్క ఫ్లాట్‌లో ఒక యూదు అవ్వ ఒంటరిగా ఉండేది. వాళ్ళ తాత ముత్తాతలు బాగ్దాద్ నుంచి కలకత్తాకి, అక్కడి నుంచి సింగపూర్‌కి వచ్చారట. అవ్వ ఇక్కడే పుట్టింది. భర్త పోయాడు, కూతురు బెడోక్‌లో ఉండేది. నేను ఆవిడని ఆంటీ అని పిలిచేదాన్ని. ఈ ఊళ్ళో ఎనభై ఏళ్ళు దాటినా ఆంటీ ఆంటీయే. ఆవిడకి ఇంగ్లీషు, మలయ్ వచ్చు, వాటితోపాటు కొంచెం హిందుస్తానీ కూడా వచ్చు. ఆ హిందుస్తానీ అంతా వాళ్ళమ్మ కలకత్తా వంటమనిషికి చెప్పే పనులు వింటూ నేర్చుకున్నది. అందుకని ఆవిడ నోట్లో ఆ భాష అంతా ఆజ్ఞలే. మొదటిసారి దాదీని చూసి చాలా ప్రేమగా, "ఆవ్! బైఠో! ఖావ్!" అంది. మర్యాదకి పెట్టింది పేరైన ఇంట్లో పుట్టి, పిల్లి పిల్లని కూడా మీరు అని పిలిచే మా దాదీ ఇంటికొచ్చి కారాలు మిరియాలు నూరింది. "నన్ను వంటమనిషి లెక్క కూసో అంటది, తిను అంటది. ఏమనుకుంటున్నదీమె?" అంది. ఆవిడకి వచ్చిందే అంత అని తెలిశాక మెల్లగా మెత్తబడింది. కొన్నాళ్ళకి ఇద్దరూ కారిడార్‌లో కుర్చీలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకావిడవి ఆజ్ఞలు, ఒకావిడవి అదబులు, అంటే మర్యాదలు. ఆ మాటలు వింటూ నేను హోంవర్కు చేసుకునేదాన్ని.

ఆ ఏడాది కొత్త ఫ్లూ లోకమంతా చుట్టబెట్టింది. బళ్ళో పొద్దున్నే పిల్లలందరం వరసగా నిలబడి నాలుక కింద థర్మామీటరు పెట్టుకునేవాళ్ళం. ఎవరైనా తుమ్మితే బస్సులో పక్క సీటు ఖాళీ అయిపోయేది. రంజాన్ నెల సగంలో ఆ జ్వరం మా కారిడార్‌లోకీ వచ్చింది. నన్ను రెండు రోజులు పడుకోబెట్టి వదిలేసింది. పక్కింటి అవ్వకీ, మా దాదీకీ మాత్రం ఊపిరితిత్తుల దాకా పాకింది. ఇద్దర్నీ కొద్ది రోజుల తేడాతో ఆస్పత్రిలో చేర్చారు.

దాదీకి చక్కెర జబ్బు కూడా ఉంది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు, బాగా బలం పుంజుకునేదాకా ఉపవాసం మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పింది. ఈ వయసులో మళ్ళీ పడిపోతే లేపడం కష్టమవుతుందని కూడా అంది. అబ్బా ఆ మాటల్ని తెలుగులో చెప్పేసరికి దాదీ గోడవైపు తిరిగి పడుకుంది. "జబ్బు ఇచ్చినోడే సెలవు గూడ ఇచ్చిండమ్మా. ఆయన ఇచ్చిన సెలవు వద్దనుడు గూడ బేఅదబీయే గదా" అని అబ్బా నచ్చజెప్పబోయాడు. "ఈ ముచ్చట్లు పోయి నీ కంప్యూటర్లకు చెప్పు" అంది దాదీ. పెద్దమనిషి అయినప్పటి నుంచి రంజాన్‌లో ఇన్ని రోజాలు ఒక్కసారిగా పోవడం ఆమెకి అదే మొదలు. పండగనాడు షీర్ ఖుర్మా గిన్నె చేతిలో పట్టుకుని ఏడ్చింది.

జబ్బు వల్ల పోయిన రోజాలని ఆరోగ్యం బాగుపడ్డాక ఏ రోజుల్లోనైనా ఉండి పూర్తి చేయవచ్చు. వాటిని ఖజా రోజాలంటారు. ఆ "బాగుపడ్డాక" అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. తను ఎప్పుడో బాగుపడిపోయానని దాదీ తేల్చేసుకుంది. పండగ అయిన మూడో నాడో నాలుగో నాడో తెల్లవారకముందు నాకు మెలకువ వచ్చి చూస్తే వంటింట్లో దీపం వెలుగుతోంది. దాదీ నిలబడే ఒక రొట్టె ముక్క, రెండు గ్లాసుల నీళ్ళు ముగించి, చక్కెర మాత్ర వేసుకుంటోంది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నపు భోజనం నా పళ్ళెంలోకి వచ్చేది.

మొదటి రోజు నాకు సరదాగానే ఉంది. దాదీకీ నాకూ మధ్య ఒక రహస్యం ఉందంటే ఏ పిల్లకైనా గొప్పే కదా. కానీ రెండో రోజుకి ఆమె గోడ పట్టుకుని నడవడం చూశాను. సాయంత్రమయ్యేసరికి తస్బీహ్ పూసలు తిప్పే వేళ్ళు వణికేవి. డాక్టరు చెప్పిన మాట నేనూ విన్నాను. దాదీ పడిపోతుందేమో, మళ్ళీ లేవదేమోనని నాకు చాలా భయం వేసింది. అమ్మీకి చెబితే దాదీ ఇంక నాతో మాట్లాడదేమోనని ఇంకో భయం. ఆ వారమంతా రెండు భోజనాలు తిన్నాను కానీ ఒక్కటీ ఒంటబట్టలేదు.

ఆ వారం గడవగానే పక్కింటి అవ్వ వాళ్ళ పెద్ద ఉపవాసం వచ్చింది. యోమ్ కిప్పుర్ అంటారట. ఏడాదంతా చేసిన తప్పులకి దేవుడి దగ్గర క్షమాపణ అడిగే రోజు. యూదులకి దాన్ని మించిన రోజు ఇంకొకటి లేదు. ముందు రోజు మధ్యాహ్నం అవ్వ నన్ను వంటింటి కిటికీలోంచి పిలిచింది. ఆవిడ ఇంకా చిక్కిపోయే ఉంది, మెట్టు దిగినా ఆయాసం వచ్చేది. నేను వెళ్ళేసరికి సింక్ ముందు నిలబడి, ఒక బుగ్గ నిండా నీళ్ళు పట్టుకుని నావైపు తిరిగింది. ఎలుక ఉండ్రాయి నోట్లో పెట్టుకున్నట్టు ఉంది ముఖం. నాకు నవ్వాగలేదు. ఆవిడ ఆ నీళ్ళని జాగ్రత్తగా ఒక చిన్న గాజు గ్లాసులోకి వదిలింది. బాగ్దాద్ వాళ్ళు తేనీరు తాగే గ్లాసు అది, నడుం దగ్గర సన్నగా ఉంటుంది. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూసుకుని, దానికి కొంచెం కిందగా గ్లాసు చుట్టూ ఒక ఎర్రదారం కట్టింది.

"రబ్బీ బుగ్గ కాదు, నా బుగ్గ! ఎవరి బుగ్గ కొలత వాళ్ళదే" అంది.

రబ్బీ అంటే వాళ్ళ మత గురువు. సంగతేమిటంటే, ఈసారి ఉపవాసం ఉంటే ప్రాణానికే ప్రమాదమని ఆవిడ డాక్టరు చెప్పాడు. రబ్బీ ఫోన్ చేసి, అయితే రేపు నువ్వు తాగి తీరాలి, తిని తీరాలి అన్నాడట. అది ఇష్టముంటే వాడుకునే వెసులుబాటు కాదు, దేవుడి ఆజ్ఞే. ప్రాణం పోయే చోట ఉపవాసం కంటే ప్రాణమే ముందని వాళ్ళ ధర్మం. అయితే అందులోనూ ఒక పద్ధతి ఉంది. ఒక్కసారిగా కడుపునిండా కాకుండా, తన బుగ్గలో పట్టేదానికంటే కొంచెం తక్కువ నీళ్ళు, కాసేపు ఆగి మళ్ళీ కాసిని. తిండి కూడా అలాగే, చిన్న చిన్న ముక్కలుగా. అలా చేస్తే ఒంటికి కావలసింది ఒంటికి అందుతుంది, ఆ రోజు మీద మనసుకున్న గౌరవమూ మిగులుతుంది. ఇదంతా అవ్వ నాకు ఇంగ్లీషులో చెప్పి, నన్ను కూడా బుగ్గ కొలుచుకోమంది. నేను మధ్యలో నవ్వి సింక్ అంతా తడిపేశాను.

నేను ఇంటికొచ్చి అవ్వకి ఉపవాసం అని మాత్రమే చెప్పాను. అంతే, దాదీ లేచి కూర్చుంది. పక్కింటి మనిషి రోజా ఉంటే ఇఫ్తార్ పంపకపోవడమా? అవ్వ మా వంటలు తినదు, వాళ్ళ నియమాలు వేరు. పళ్ళు, ఖర్జూరాలు మాత్రం తింటుంది. దాదీ పళ్ళెంలో ఖర్జూరాలు, అరటిపళ్ళు, కోసిన జామకాయ పేర్చి, మీద లేసు గుడ్డ కప్పి, సరిగ్గా పొద్దుగూకే వేళకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది. అవ్వ తెల్ల గౌను వేసుకుని, కాళ్ళకి గుడ్డ చెప్పులు వేసుకుని తలుపు తీసింది. వెనక బల్ల మీద నూనె దీపం వెలుగుతోంది. దాదీ పళ్ళెం ముందుకు చాచి, "బిస్మిల్లా కీజియే" అంది, తినడం మొదలుపెట్టండి అని. అవ్వ పళ్ళేన్నీ దాదీనీ చూసి నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. అప్పటికి ఆవిడ ఉపవాసం మొదలై ఇంకా పావుగంట కాలేదు. వాళ్ళది పొద్దుగూకే వేళ మొదలై మర్నాడు చుక్కలు పొడిచేదాకా ఉంటుందని మాకేం తెలుసు?

"పొద్దు మునిగినంక మొదలయ్యే రోజా ఏందే?" అని దాదీ నా చెవిలో గొణిగింది. సిగ్గుతో పళ్ళెం వెనక్కి తీసుకుంది.

అప్పుడు అవ్వ నవ్వు ఆపి దాదీ చెయ్యి పట్టుకుంది. కూతురికీ ఆ జ్వరమే తగిలిందట, ఇంట్లోంచి కదలకూడదన్నారట. దగ్గు ఉన్నవాళ్ళని ప్రార్థనామందిరానికీ రావద్దన్నారు. రేపు తను తాగాలి, కానీ పుట్టి బుద్ధెరిగాక ఆ రోజున నీటి చుక్క ముట్టలేదు, గ్లాసు ఎత్తడానికి చెయ్యి రాదు. ఎవరైనా పక్కన కూర్చుని తాగించాలి. ఇదంతా తన వంటింటి హిందుస్తానీలో చెప్పి, చివర "కల్ ఆవ్. దిన్ భర్ బైఠో" అని, రేపు వచ్చి రోజంతా కూర్చోమని ఆజ్ఞాపించింది. దాదీకి కాదనే ప్రశ్నే లేదు. ఇంటికొస్తూ ఆమె ముఖంలో ఒక నిశ్చింత కూడా కనిపించింది. రేపు మధ్యాహ్నం భోజనం సంగతి అడిగేవాళ్ళు అక్కడ ఉండరు కదా.

మర్నాడు బడికి సెలవు. తెల్లవారకముందు మళ్ళీ వంటింట్లో దీపం వెలిగింది. అబ్బా, అమ్మీ ఆఫీసులకి వెళ్ళాక దాదీ, నేనూ అవ్వ ఇంటికి వెళ్ళాం. ముందురోజు వెలిగించిన దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పంచదార కలిపిన నిమ్మకాయ నీళ్ళ కూజా, మూతపెట్టిన గిన్నెలో ఉడికించిన బంగాళాదుంప ముక్కలు ఉన్నాయి. పక్కన ట్రేలో రెండు చిన్న గ్లాసులు. ఒకదానికి ఎర్రదారం ఉంది, రెండోదానికి లేదు. ఇదెందుకని అడిగాను. "లేటర్, లేటర్" అంది అవ్వ. ఒకటి పగిలితే ఇంకొకటి ఉండాలని కాబోలు అనుకున్నాను. ఆ రోజున ఆవిడ ఫోన్ ముట్టుకోదు, గంట మోగే యంత్రాలు ముట్టుకోదు. అందుకని గోడ గడియారం చూసి ఎప్పుడెప్పుడు తాగాలో చెప్పే పని నాకు అప్పగించింది.

మొదటిసారి నేను "టైమ్" అనగానే దాదీ దారం దాకా నీళ్ళు పోసి అందించింది. అవ్వ గ్లాసు పెదవుల దాకా తెచ్చి దించేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. ఒళ్ళో ఉన్న ప్రార్థన పుస్తకం మూసి మాట్లాడటం మొదలుపెట్టింది. యుద్ధకాలంలో జపాన్ వాళ్ళు యూదుల్ని కూడా శిబిరాల్లో పెట్టారు. అప్పుడు ఆవిడ నాకంటే కొంచెం పెద్ద పిల్ల. మామూలు రోజుల్లోనే అక్కడ గంజి చాలేది కాదు. అయినా ఈ రోజు వస్తే వాళ్ళమ్మ దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు, చీకటి పడేదాకా గుడ్డ కప్పి పెట్టేది. ఆకలితో చచ్చే రోజుల్లో తాగనిది, ఫ్రిజ్ నిండా సామాను పెట్టుకుని ఇప్పుడు తాగనా అని ఏడ్చింది. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే నేను గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను.

దాదీ తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అవ్వ కళ్ళు తన దుపట్టా కొంగుతో తుడిచింది. తర్వాత తన చక్కటి ఉర్దూలో, జబ్బు ఇచ్చినవాడే సెలవు కూడా ఇచ్చాడు, ఆయన ఇచ్చిన సెలవుని కాదనడం కూడా అమర్యాదే కదా, అంది. నేను నోరు తెరిచి దాదీని చూశాను. అవి అక్షరాలా అబ్బా మాటలు. అబ్బా చెబితే కంప్యూటర్లకి చెప్పుకోమన్న మాటలు. అబద్ధమాడే మనిషి కాదు కాబట్టి, వాటిని ఆమె అప్పటికే నమ్మి ఉండాలి. తనకి తప్ప మిగతా లోకానికంతటికీ అవి నిజమని నమ్మిందేమో. "పీజియే", తాగండి, అని రెండు చేతులతో గ్లాసు అందించింది.

అవ్వ ఏదో ప్రార్థన చదువుకుని, కళ్ళు మూసుకుని తాగింది. మింగడం చాలా కష్టమైన మందు తాగినట్టు తాగింది. దాదీ "ఆమీన్" అంది.

తర్వాత కాస్త తేలికైంది. నేను టైమ్ అనడం, దాదీ పోయడం, అవ్వ తాగడం. మధ్యలో ఒక దుంప ముక్క. నడుమ ఇద్దరూ ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకున్నారు. అవ్వ పుస్తకమూ దాదీ పుస్తకమూ రెండూ కుడి నుంచి ఎడమకే పోతుంటే నాకు వింతగా అనిపించింది. ఎండ ఎక్కేకొద్దీ అవ్వ ముఖం తేటపడుతూ వచ్చింది. దాదీ ముఖం మాత్రం వాడిపోతోంది. మధ్యాహ్నం దాటాక కూజా ఎత్తితే ఆమె చెయ్యి వణికి, నీళ్ళు గ్లాసులో కంటే బల్లగుడ్డ మీదే ఎక్కువ పడ్డాయి. ఫ్యాను కిందే కూర్చున్నా నుదురంతా చెమట.

అవ్వ పుస్తకం పక్కన పెట్టింది. దాదీ చేతిలోంచి కూజా తీసుకుంది. "తుమ్ కబ్ ఖాయా?" అని అడిగింది. నువ్వెప్పుడు తిన్నావు అని.

వంటింటి హిందుస్తానీలో ఉన్న సుఖమేమిటంటే అందులో తప్పించుకోవడానికి సందు ఉండదు. బెండకాయ కూర గురించి చెప్పడానికి అక్కడ బెండకాయ కూర లేదు. దాదీ నావైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు, తలవంచుకుని కూర్చుంది మా దాదీ.

అప్పుడు అవ్వ చెప్పింది. జ్వరం వచ్చినప్పటి నుంచి ఆవిడకి తెల్లవారుజామున నిద్ర పట్టదు. కారిడార్ వైపు వంటింటి కిటికీలోంచి మా వంటింటి దీపం రోజూ కనిపిస్తూనే ఉంది. రంజాన్ అయిపోయాక కూడా ఆ దీపం ఎందుకు వెలుగుతోందో తెలుసుకోలేనంత చిన్నపిల్ల కాదు ఆవిడ. "నా చెయ్యి రాదని చెప్పింది నిజమే. నీ చెయ్యి కూడా రాదని నాకు తెలుసు" అన్న అర్థం వచ్చేలా, తన చేతినీ దాదీ చేతినీ తట్టి చూపించింది. రెండో గ్లాసు ముందుకు జరిపి నిమ్మకాయ నీళ్ళు పోసింది. అంచు దాకా నిండుగా పోసింది. అది మొదటి నుంచీ దాదీ గ్లాసేనని నాకప్పుడు అర్థమైంది.

దాదీ తల అడ్డంగా ఊపింది. మీ ఉపవాసం బుగ్గ కొలతలతో నడుస్తుంది, మాది అలా కాదు, ఒక్క గుటక దిగినా పోతుంది అంది. ఆ గొంతులో పంతం లేదు, బతిమాలడమే ఉంది. ఇంకో మూడు నాలుగు గంటలే కదా, అంది.

"పోనీ. మళ్ళీ దొరుకుతుంది" అంది అవ్వ. తన ఎర్రదారం గ్లాసు చూపించింది. "నీది వచ్చే నెలలో దొరుకుతుంది, చలికాలంలో దొరుకుతుంది. నాది ఏడాదికి ఒక్కటే. వచ్చే ఏడాదికి నేనుంటానో లేదో. అయినా తాగుతున్నాను కదా." ఆ తర్వాత గ్లాసు దాదీ చేతిలో పెట్టి, తనకి బాగా వచ్చిన ఆజ్ఞ ఒకటి వేసింది. "పియో!"

తాగు! దాదీని అలా ఎవరూ, మా తాత కూడా, ఎప్పుడూ అనలేదట. దాదీ గ్లాసు ఎత్తలేదు. నేను టైమ్ చెప్పడం మర్చిపోయి ఆమె చేతులు పట్టుకున్నాను. "తాగు దాదీ, నాకు భయమైతుంది" అన్నాను. ఆ వారమంతా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అది. దాదీ నా ముఖంలోకి చూసింది. ఆ రోజాలు నన్నెంత భయపెట్టాయో ఆమెకి అప్పటిదాకా తట్టలేదనుకుంటాను. "బిస్మిల్లా" అంది. తాగింది. గ్లాసు కింద పెట్టి ఇంకొకటి పోయమంది. ఈసారి "ఆమీన్" అన్నది అవ్వ.

కాసేపటికి వణుకు తగ్గింది. దుంప ముక్కలు ఇద్దరూ పంచుకున్నారు. అవ్వ కొలిచిన ముక్కలు తింటే, దాదీ కొలవని ముక్కలు తింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కొంచెం ఏడ్చారు, చాలాసేపు నవ్వారు. పొద్దున అవ్వ ఏడ్చినప్పుడు నాకు కలిగిన బెంగ ఎటు పోయిందో తెలియదు, అవ్వ సోఫా మీదే నిద్రపోయాను.

చుక్కలు పొడిచాక దాదీ ముందురోజు పళ్ళెమే మళ్ళీ తెచ్చింది. ఈసారి వేళ సరైనదే. అవ్వ మొదటి ఖర్జూరం తీసి దాదీ నోట్లో పెట్టింది. ఆ రాత్రి అబ్బా ఆఫీసు నుంచి రాగానే దాదీ ఎవరూ అడగకుండానే చెప్పేసింది. "వారం సంది దాచిపెట్టి రోజాలున్న. ఇయ్యాల ఒకటి ఇడిసిపెట్టిన. డాక్టరమ్మ సరే అనేదాక ఇంక ఉండ." అబ్బా చెప్పులు కూడా విప్పకుండా ఆమె పక్కన కూర్చుండిపోయాడు. ఆమె కాళ్ళు నొక్కాడు.

మిగిలిన ఖజా రోజాలు దాదీ ఆ చలికాలంలో సంగారెడ్డిలో, డాక్టరు సరేనన్నాక పూర్తి చేసింది. అక్కడ చలికాలపు పగళ్ళు ఎంత చిన్నవో అవ్వకి ఫోన్లో చెప్పి మురిసిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు అవ్వకి ఒక కాశ్మీరీ శాలువా తెచ్చింది. అవ్వ దారం కట్టని ఆ రెండో గ్లాసుని దాదీకి ఇచ్చేసింది. తర్వాత చాలా ఏళ్ళు ఆ ఇద్దరూ కారిడార్‌లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అవ్వ మా దాదీకి "మీరు" అనడం చివరిదాకా నేర్చుకోలేదు. దాదీ కూడా నేర్పడం మానేసింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. గ్లాసు నా దగ్గరికి వచ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత ఇంకో పెద్ద రోగం లోకాన్ని ఇళ్ళలో కూర్చోబెట్టింది. అదీ రంజాన్‌లోనే. అమ్మీ హైదరాబాద్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. ఇక్కడ అబ్బా మంచం పట్టాడు. నేను రోజా ఉంటూనే ఆయనకి సేవ చేస్తున్నాను. రెండో రోజుకి నా ఒళ్ళూ కాలుతోంది, కానీ ఎవరికి చెబుతాను? అమ్మీ ఫోన్ చేసి "నువ్వెట్లున్నవ్ బేటా?" అని అడిగింది. "అబ్బాకు జ్వరం తగ్గింది అమ్మీ, ఇయ్యాల గంజి మొత్తం తాగిండు" అన్నాను. అనేసి ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది నా మాట కాదు, దాదీ మాట. అందులో అబద్ధం ఎక్కడుందో ఎవరు వెతికినా దొరకదు.

లోపలికి వెళ్ళి ట్రేలో అబ్బా మందు, ఆయన గ్లాసు పెట్టాను. పక్కన నడుం సన్నగా ఉన్న ఆ చిన్న గ్లాసు కూడా పెట్టి, అంచు దాకా నింపాను. అబ్బా దాన్ని చూసి, "ఇది ఎవరికి?" అన్నాడు. "నాకే" అన్నాను. అది దాదీ గ్లాసని ఆయన వెంటనే గుర్తుపట్టాడు. తను తాగకుండా, ముందు నేను తాగేదాకా చూస్తూ కూర్చున్నాడు.

ఆ గ్లాసు ఇప్పటికీ మా వంటింట్లో ముందు వరసలోనే ఉంటుంది. ఎవరికి జబ్బు చేసినా ట్రేలో రెండు గ్లాసులు పెడతాను. ఎవరైనా ఫోన్ చేసి "నువ్వు తిన్నావా?" అని అడిగితే ఇంట్లో కూర ఎలా కుదిరిందో చెప్పను. తిన్నానో లేదో చెబుతాను.